డ్రమ్ము కొట్టింది నేనే

పజుండౌంగ్
సోమవారం

టోనీ మావయ్యకి, నీ రాణి వందనాలు.

ఈ కాగితం చదవగానే పొయ్యిలో పెట్టెయ్. ఫోనులో చెప్పే సంగతి కాదు. వంతెన దగ్గర సిపాయిలు ఫోన్లు తెరిచి మరీ చూస్తున్నారు. కాగితమైతే నయం. మన అక్షరాలూ బర్మా అక్షరాలూ రెండూ గుండ్రంగానే ఉంటాయి కాబట్టి, ఎవరో చదువురానివాడు తప్పుల తడకగా రాసుకున్నాడనుకుని వదిలేస్తున్నారట. తమలపాకుల కోసం మీ తన్లిన్ వచ్చే తాయారమ్మ ఇచ్చిన ధైర్యం ఇది. ఆకుల బుట్ట అడుగున పెట్టి తెస్తానంది.

మావయ్యా, నాకు చాలా భయంగా ఉంది. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది రాయడం తేలికవుతుందని రాశాను. అవడం లేదు.

మేం ప్రతి ఆదివారం మధ్యాహ్నం నూనె మిల్లు వెనక గోదాములో పాడుకుంటామని నీకు తెలుసు. ఇంగ్లండు నుంచి నువ్వు తెచ్చిన ఆ క్యాసెట్లు వినీ వినీ పుట్టిన బ్యాండు కాబట్టి ఇందులో నీ పాపం కూడా కొంత ఉంది. నేను అరుస్తాను, కో తిహా గిటారు వాయిస్తాడు, తమ్ముడు నాథన్ డ్రమ్ములు కొడతాడు. వినడానికి ముప్పైమంది దాకా వస్తారు. అమ్మ దృష్టిలో అది పందిని కోస్తున్న చప్పుడు. కానీ వద్దని ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే వారానికి ఆ ఒక్క గంటే నాథన్ ఇంటి గడప దాటేది. పద్దెనిమిది నిండిన మగపిల్లల పేర్లు చీటీలు తీసి సైన్యానికి పంపడం మొదలైనప్పటి నుంచీ వాడు బ్యాంకాక్‌లో పని చేస్తున్నాడని వీధంతా చెప్పాం. నిజానికి వాడు మా వెనక గదిలో, కిటికీ మూసుకుని, తలగడ మీద పుల్లలతో కొట్టుకుంటూ ఉన్నాడు. ఆదివారం మాత్రం టోపీ, మాస్కు పెట్టుకుని వాగు పక్క సందులోంచి గోదాముకి వస్తాడు. ఆ గంట కూడా లేకపోతే వాడు నాతో మాట్లాడటం మానేస్తాడు. ఒకసారి అలా జరిగింది కూడా.

జనం గుమిగూడకూడదు కదా, అందుకని గోదాములో జరిగేది తెలుగు ప్రార్థన కూటమి అని చెబుతున్నాం. గోడకి సిలువ, స్పీకరు మీద అమ్మ పాత బైబిలు, బల్ల మీద నేల దాకా తెల్ల దుప్పటి. ఎవరైనా వస్తున్నారని వీధి చివర ఉన్నవాళ్ళు సైగ చేస్తే గిటారు ఆగిపోతుంది, అందరూ తల దించుకుని కూర్చుంటారు. ఇన్నాళ్ళూ అది గట్టెక్కించింది. నిన్న మాత్రం ఆయన వీధిలోంచి రాలేదు. వాగు పక్క నుంచి, పడవలు కట్టే వైపు నుంచి, ఒంటరిగా వచ్చాడు.

ఆయనంటే మా వార్డు అధికారి ఊ సో ల్విన్. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరి కొడుక్కి ఎన్నేళ్ళో ఆయన నాలుక మీద ఉంటుంది. చీటీల గిన్నె ముందు కూర్చునేది ఆయనే. ఆయన వచ్చేసరికి నేను నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాను. పాట ఆఖరికొచ్చింది. కళ్ళు మూసుకుని, ఊపిరంతా బయటికి తోసి అరుస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి అందరూ తలలు వంచుకుని ఉన్నారు. నా ఎదురుగా రెండు పాదాలు కనిపించాయి. చెప్పులు లేవు. గుమ్మం దగ్గర విడిచి వచ్చాడు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే మావయ్యా. పట్టుకోవడానికి వచ్చినవాడు చెప్పులు విప్పడు.

నాథన్ అప్పటికే దుప్పటి కిందకి దూరిపోయాడు.

"దెయ్యాన్ని వెళ్ళగొడుతున్నారా?" అన్నాడు, చిన్న గొంతుతో.

అవునన్నాను. అమ్మ డీకనుగా సేవ చేసే మన బాప్టిస్టు సంఘంలో దెయ్యాలు వెళ్ళగొట్టే పద్ధతే లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో ఆయన ఏం అడిగినా అవుననే అనేదాన్ని.

"డ్రమ్ము కొట్టిందెవరు?"

"నేనే," అన్నాను.

ఆయన డ్రమ్ముల వైపు చూశాడు, ఖాళీ స్టూలు వైపు చూశాడు, దుప్పటి వైపు చూశాడు. అప్పుడు ఆయన చెప్పాడు. ఆయనకి పదిహేడేళ్ళ కూతురుంది, ఖిన్ లే. వానలు మొదలైనప్పటి నుంచి నోరు విప్పలేదు. డాక్టర్లు చూశారు, మఠాల్లో చూపించారు. ఏదో ఆవహించిందన్నారు. అయితే ఆదివారం మా చప్పుడు మొదలవగానే ఆ పిల్ల మంచం దిగి కిటికీ దగ్గరికొచ్చి నిలబడుతుందట. అది తప్ప మరే శబ్దానికీ కదలదట.

"వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. ఎవరికీ చెప్పకండి. డ్రమ్ము తీసుకురండి, కొట్టే మనిషిని కూడా."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు. "మీ తమ్ముడు బ్యాంకాక్‌లో బాగున్నాడా, రాణీ?"

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ కింద కూలబడిపోయింది. "ఏటే, దీకనమ్మ కూతురివి, దెయ్యాలు దులిపేదానివని సెప్పీసినావా?" అంది. నాథన్ అయితే వింతగా ప్రశాంతంగా ఉన్నాడు. "అక్కా, ఆయనకి నా కాళ్ళు కనిపించీసుంటాయి. ఇంక దాక్కుని ఏటి లాబం? నానూ వొస్తాను," అంటున్నాడు.

ఇది వలా, తండ్రి బాధా నాకు తెలియడం లేదు. వెళ్ళకపోతే ప్రార్థన కూటమి అబద్ధమని ఒప్పుకున్నట్టే. వెళ్తే నాథన్‌ని చేతిలో పెట్టినట్టే. నేనొకటి అనుకున్నాను, అమ్మకి చెప్పలేదు, నీకే చెబుతున్నాను. వెళ్తాను. దెయ్యం వదిలిందని నమ్మిస్తాను. అందుకు బదులుగా నాథన్ పేరు తీసేయమని అడుగుతాను. దేవుడి పేరు మీద అబద్ధమాడి తమ్ముణ్ణి కొనుక్కోవడం పాపమైతే ఆ పాపం నాకే రానీ. నువ్వు వద్దంటే ఎందుకు వద్దో చెప్పు. ఊరికే వద్దనకు.

నీ రాణి

*

తన్లిన్
బుధవారం

మా రాణికి,

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడిగీతల్లా ఉన్నాయని నవ్వకు. పక్షవాతం వచ్చిన చెయ్యి ఒళ్ళో పడుకుని చోద్యం చూస్తోంది. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. అన్నం ఉడికే దాకా మనసు ఉడికింది.

ముందు అసలు మాట. నాథన్‌ని తీసుకెళ్ళకు. డ్రమ్ము కొట్టింది నేనేనని నువ్వు చెప్పావు కాబట్టి ఇక నువ్వే కొట్టాలి. నేర్చుకో. కష్టమైనవేమీ వద్దు. పరుగెత్తే పాట ఒక్కసారిగా సగం వేగానికి పడిపోతుందే, ఆ ఒక్క దెబ్బ చాలు. దానికి నేర్పు కంటే ఓపిక ఎక్కువ కావాలి. తలగడ మీద నేర్పమను.

రెండో మాట, నీ బేరం గురించి. నాథన్ పేరు తీసేయమని అడుగుతానన్నావు. తీసేస్తాడనే అనుకుందాం. పైవాళ్ళు అడిగేది తలలు, పేర్లు కాదు. ఆ ఖాళీలో ఇంకో ఇంటి పిల్లాడి పేరు రాస్తాడు. ఆ ఇంట్లోనూ మీ అమ్మలాంటి ఒక ఆలిస్ ఉంటుంది. నిన్ను తప్పుపట్టడం లేదు, నీ చోట నేనున్నా అదే అడిగేవాణ్ణేమో. కానీ ఎందుకు వద్దో చెప్పమన్నావు కాబట్టి చెప్పాను.

ఇంక నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. నేను ఇంగ్లండులో పెద్ద పెద్ద బ్యాండ్లతో తిరిగానని మీరు పిల్లలప్పుడు ఊహించుకునేవారు, నేనూ కాదనలేదు. నేనేమీ వాయించలేదు రాణీ. పప్పు వండాను. లీడ్స్‌కి అవతల, వాన తప్ప మరేమీ లేని ఊళ్ళో ఒక ఇండియా హోటల్లో గిన్నెలు తోమేవాణ్ణి. తొంభై మూడో, నాలుగో. ఎదురుగా ఒక పబ్బు, దాని మేడ మీద ఒక గది. శనివారాలు అక్కడ భూకంపం వచ్చేది. పంక్ పాటల పిల్లలకి వేగం కావాలి, మెటల్ పాటల పిల్లలకి బరువు కావాలి. వీధిలో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఈ రెండు గుంపులూ ఆ గదిలో కలిసి ఇంకా పేరు కూడా పెట్టని ఆ సంగీతం మొదలుపెట్టాయి. రేడియోలో వచ్చేవారు కాదు, పేపర్లో పడేవారు కాదు. క్యాసెట్లు పోస్టులో పంపుకునేవారు. స్టాంపు మీద సబ్బు పూసి పంపితే, పోస్టాఫీసు ముద్ర కడిగేసి అదే స్టాంపు మళ్ళీ వాడేవారు. అంత దరిద్రం, అంత దర్జా. అన్ని బ్యాండ్లకీ కలిపి ఒకటే డ్రమ్ము సెట్టు. వేరే ఊళ్ళ నుంచి వ్యానుల్లో వచ్చినవాళ్ళు తిండిలేక నకనకలాడుతూ ఉండేవారు. మాంసం ముట్టనివాళ్ళు చాలామంది. మా హోటల్ వెనక నుంచి పెద్ద డేగిసాతో పప్పు పట్టుకెళ్ళేవాణ్ణి. అలా నాకు అక్కడ ఒక చోటు దొరికింది.

అక్కడొక ఆచారం ఉంది. వేదిక ఉండదు. పాడేవాడు నేల మీదే, జనం మధ్యే. మైకు వాడి సొత్తు కాదు. పాట మధ్యలో ఎదురుగా ఉన్నవాడి మూతి ముందు పెట్టేస్తాడు. నీకు పాట వచ్చా, గొంతుందా, ఏమీ అడగడు. ఆ కాసేపు ఆ పాట నీది.

ఆ చలికాలంలో మా అమ్మ, మీ అమ్మమ్మ, పోయింది. కబురు వచ్చింది. నేను రాలేదు. మీ అమ్మ ఆ మాట ఇప్పటికీ మనసులో పెట్టుకుందని నాకు తెలుసు. నా పాస్‌పోర్టు హోటల్ యజమాని బీరువాలో ఉండేది రాణీ. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వలేదు. నేను బానిసలా ఉన్నానని చెల్లెలికి తెలియడం కన్నా, రాతిగుండె వాణ్ణనుకోవడమే నయమనిపించి నోరు మూసుకున్నాను. ఆ శనివారం డేగిసా పట్టుకుని మేడెక్కాను. పాడే కుర్రాడు నన్ను చూసి మైకు నా నోటి ముందు పెట్టాడు. నాకు ఆ పాట మాటలు రావు. నోట్లోంచి వచ్చింది తెలుగే. "నాను ఇంటికెల్తాను" అని అరిచాను. వాళ్ళకి అర్థం కాలేదు. కానీ మైకులో ఏది వస్తే అది అందరూ అందుకోవాలి, అదీ అక్కడి రివాజు. ఆ గదిలో తెల్లపిల్లలందరూ పిడికిళ్ళెత్తి "ఇంటికెల్తాను" అని అరిచారు. ఏడుస్తూ నేనూ అరిచాను.

అందుకని చెబుతున్నాను. ఆ పిల్లకి నయం చేస్తున్నట్టు నటించకు. ఏ దేవుడి పేరూ వాడకు. సగం వేగంలో కొట్టు, అరిచెయ్, ఆపైన మైకు ఆ పిల్లకి ఇయ్యి. అంతకు మించి మాకు చేతనైంది ఏదీ ఉండేది కాదు. పిల్ల ఏమీ అనకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్. ఏదైనా అంటే, అది ఏమిటో జాగ్రత్తగా విను.

పాస్‌పోర్టు సంగతి మీ అమ్మకి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

మీ టోనీ మావయ్య

*

పజుండౌంగ్
మంగళవారం

టోనీ మావయ్యకి,

ఇది పొయ్యిలో పెట్టడానికి తొందరపడకు. చివరిదాకా చదివి, ఆ తర్వాత ఏం చెయ్యాలో అది చెయ్యి.

వారమంతా నాథన్ నాకు నేర్పాడు. తలగడ మీద కుడిచెయ్యి, ఎడమచెయ్యి. నేను తొందరపడినప్పుడల్లా నా మణికట్టు పట్టుకుని ఆపేవాడు. "పారిపోకే అక్కా, దెబ్బ దగ్గిర నిలబడు," అనేవాడు. ఎన్నో నెలల తర్వాత వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసినప్పుడు నాకు ఇంకా భయమేసింది.

నీ పాస్‌పోర్టు సంగతి శనివారం అమ్మకి చదివి వినిపించాను. చాకు కింద పెట్టి కూరగాయల ముందు అలాగే కూర్చుంది. "ఎర్రిబాగులోడు, ఒక్క ముక్క రాస్తే ఏటయ్యేది," అంది. తర్వాత లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, తనూ నాతో వస్తానంది. వద్దన్నాను. వింటుందా? "అబద్దం నువ్వాడినావు, నువ్వే మొయ్యి. పార్దన మాత్రం నాను సేస్తాను. రెండూ ఒకలే సెయ్యకూడదు," అంది. తెల్లచీర కట్టుకుంది.

ఆదివారం ఇద్దరం ఒక సైకిలు రిక్షాలో ఒక డ్రమ్ము, చర్చిలో వాడే బ్యాటరీ స్పీకరు, మైకు పెట్టుకుని వెళ్ళాం. వాళ్ళ మేడ మెట్లెక్కాం. తలుపు తీయగానే ఊ సో ల్విన్ మా వెనక్కి చూశాడు.

"ఇద్దరేనా? కొట్టే మనిషి?"

"నేనే," అన్నాను మళ్ళీ.

ఆయన తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. ముందు గది ఆయన ఆఫీసు. దాని వెనక చెక్క అడ్డుగోడ, ఆ వెనక ఆ పిల్ల మంచం. ఖిన్ లే సన్నగా, జడ కూడా వేసుకోకుండా, కిటికీ పక్క గోడకి ఆనుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి కళ్ళు తిప్పుకుంది. అమ్మ మంచం పక్కన చాప మీద కూర్చుని, తెలుగులో, మెల్లగా, ప్రార్థన మొదలుపెట్టింది. దెయ్యం మాట ఎత్తలేదు. ఈ బిడ్డకి నిద్ర ఇయ్యి, ఆకలి ఇయ్యి అని అడిగింది, అంతే.

నేను కొట్టడం మొదలుపెట్టాను. సగం వేగం. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊ సో ల్విన్ ఊపిరి నాకు వినిపిస్తోంది. అరిచాను. మావయ్యా, నా జన్మలో అంత చెత్తగా ఎప్పుడూ అరవలేదు. పిల్లికూతలా వచ్చింది. ఖిన్ లే నా వైపు చూసింది. రెండోసారి నయం. మూడోసారికి వచ్చేసరికి నాకు ఆ గది కనిపించలేదు, తలగడ ముందు కూర్చున్న నాథన్ కనిపించాడు. గొంతు చించుకున్నాను. అరుపు మధ్యలోనే మైకు ఆ పిల్ల నోటి ముందు పెట్టాను. ఎడమచేత్తో కొడుతూనే ఉన్నాను.

మొదట స్పీకరులో ఊపిరి వినిపించింది. ఆ పిల్ల మైకు తన చేతిలోకి తీసుకుంది. "వై యాన్," అంది.

వాళ్ళ కింది వాటాలో ఉండే కుర్రాడి పేరది. వానల ముందు సైన్యానికి తీసుకుపోయారు. రఖైన్ యుద్ధం నుంచి శవం కూడా రాలేదు. ఊ సో ల్విన్ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. కూతురి గొంతు ఆయన విని ఎన్నాళ్ళయిందో. ఆపమనాలో, ఇంకా మాట్లాడమనాలో ఆయనకి తెలియలేదు. ఆ పిల్ల ఇంకో పేరు చెప్పింది. ఇంకొకటి. మా వీధుల కుర్రాళ్ళ పేర్లు, మొదట పోయినవాళ్ళవి, తర్వాత ఇంకా పోనివాళ్ళవి. చీటీలు తీయడం జనానికి చూపించడానికేనట మావయ్యా, ఆ పిల్లే చెప్పింది. ఎవరిని పంపాలో ముందే ఆ గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. చెక్కగోడ వెనక ఆ పిల్ల అన్నీ వింది. వై యాన్ పేరు కూడా అక్కడే వింది, వెళ్ళి చెప్పలేకపోయింది. అందుకే నోరు మూసుకుంది. ఏ దెయ్యమూ లేదు.

ఒక్కో పేరు తర్వాత అమ్మ "ఆమెన్" అంటూ వచ్చింది. తమాషాకి కాదు, ప్రార్థనలో పేరు వస్తే అలా అనడం ఆమెకి అలవాటు. నేను కొడుతూనే ఉన్నాను. కొట్టడం ఆపితే ఆ పిల్ల ఆగిపోతుందని భయం. చివర్లో ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి, "నాథన్. గురువారం పొద్దున," అంది.

ఆ పేరుకి అమ్మ ఆమెన్ అనలేదు. నా చెయ్యి ఆగిపోయింది.

ఊ సో ల్విన్ మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలి కలగకూడదు, కానీ కలిగింది. "ఆ రోజు దుప్పటి కింద కాళ్ళు చూశాను," అన్నాడు. అమ్మ బర్మా భాషలో నేరుగా అడిగింది, మా అబ్బాయిని పట్టుకోవడానికి పిలిచారా, మీ అమ్మాయి కోసం పిలిచారా అని. "రెండూ నిజమే, ఆలిస్ గారూ," అన్నాడు. "నా కూతురు మాట్లాడాలి. పైవాళ్ళకి మనుషుల్నీ చూపించాలి. చూపించకపోతే నన్ను తీసుకుపోతారు. దీన్ని ఎవరు చూస్తారు?"

ఖిన్ లే మైకు దించలేదు. స్పీకరులోంచే, పక్కనే ఉన్న తండ్రితో అంది. "ఆ పేరు తీసెయ్, నాన్నా. లేకపోతే నేను ఇంకెప్పుడూ మాట్లాడను."

"తీసేస్తాను," అన్నాడు వెంటనే.

నేను అడగడానికి వచ్చింది అదే. అడక్కుండానే దొరికింది. నాకు ఏడుపొచ్చింది. ఒక్క క్షణం ఒప్పేసుకున్నాను కూడా, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి. అప్పుడు అమ్మ ఆయన్ని అడిగింది. "ఆ చోటులో ఎవరి కొడుకు?" ఆయన కిటికీలోంచి కింద వీధిలోకి చూశాడు. అక్కడ టీకొట్టు ముందు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు.

మేం డ్రమ్ము తెచ్చుకున్నాం, స్పీకరూ మైకూ ఆ పిల్ల తన దగ్గరే ఉంచుకుంది. ఆయన తలుపు తీస్తూ, "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యండి," అన్నాడు. నేను తలూపాను. రిక్షాలో కూర్చున్నాక అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంకా పోనివాళ్ళ పేర్లు ఒకదాని వెనక ఒకటి నా చేత చెప్పించింది, నేను మరిచిపోయినవి ఆమె అందించింది. సాయంత్రానికల్లా ఆదివారం గోదాముకి వచ్చే పిల్లలందరికీ కబురు వెళ్ళింది. ఒక్కొక్కరూ ఒక్కో ఇంటికి వెళ్ళారు. కొందరు టీ తాగడానికి, కొందరు చీరకి అంచు కుట్టించడానికి వెళ్ళినట్టు వెళ్ళి చెప్పి వచ్చారు. కో తిహా లైంగ్‌థార్యార్ వెళ్ళి బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరికి చెప్పి వచ్చాడు. టీకొట్టు కుర్రాళ్ళకి నేనే చెప్పాను. గురువారం పొద్దున సైన్యం లారీ వచ్చేసరికి ఆ ఇళ్ళలో ఎవరూ ఉండరు. అప్పుడు ఊ సో ల్విన్‌కి తెలిసిపోతుంది, ఎవరు చెప్పారో. ఆయన్నే తీసుకుపోతారో, ఆయన మమ్మల్ని పట్టిస్తాడో నాకు తెలియదు. రాత్రి అమ్మ గుమ్మం దగ్గర చాప వేసుకుంటోంది. బయట కుక్క మొరిగినా ఇద్దరం లేచి కూర్చుంటున్నాం.

మీరూ వచ్చెయ్యండి అని రాయకు. వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఖిన్ లే నా చెయ్యి పట్టుకుని, మైకు లేకుండా, "ఆదివారం మళ్ళీ వస్తావా?" అని అడిగింది. వస్తానన్నాను. ఆ పిల్లకి అన్ని నెలల్లో అదే మొదటి ప్రశ్న. నేను కూడా మాయమైపోతే ఆ గదిలో తను ఒక్కతే మిగులుతుంది. నాకు భయం పోలేదు మావయ్యా, పెరిగింది. కానీ ఇప్పుడు ఎందుకు భయపడుతున్నానో నాకు తెలుసు. పోయిన వారం అది తెలియదు.

ఇంక నాథన్. రేపు మీ తన్లిన్‌లో అమ్మవారి సంబరం కదా. తాయారమ్మ మొగుడు బుల్లియ్య ఇక్కడి నుంచి డప్పుల వాళ్ళని బస్సులో తీసుకెళ్తున్నాడు. పసుపు బట్టలు, గుండ్లు, మెళ్ళో వేపమండలు. వంతెన మీద ఆ బస్సు ఎక్కి సిపాయిలు చూస్తారట గానీ, డప్పు మోగుతున్నంతసేపూ ఎవరినీ కిందకి దించరట. అమ్మవారికి కోపమొస్తుందని వాళ్ళకీ భయమే. ఈ ఏడు ఒక డప్పు ఎక్కువ వస్తుందని బుల్లియ్య అన్నాడు. చర్చిలో సోమవారం ప్రార్థనకి వచ్చే ముసలమ్మలు చూస్తే మూర్ఛపోయేవారు. దీకనమ్మ ఆలిస్ తన చేత్తో కొడుక్కి గుండు గీసింది, మొహానికీ చేతులకీ పసుపు పూసింది. పూశాక, "ఆయమ్మ కూడా తల్లే కదా, నా బిడ్డని దాటించీమను," అంది బుల్లియ్యతో.

అందుకే ఈసారి ఉత్తరం తాయారమ్మ తేలేదు. నువ్వు వాణ్ణి ఆఖరుసారి చూసినప్పుడు వాడికి మీసం కూడా రాలేదు. ఇప్పుడు గుండుతో, పసుపుతో, నీ అంత ఎత్తు ఉన్నాడు, నువ్వు గుర్తుపట్టి ఉండవు. ఎవరో డప్పు కుర్రాడు వచ్చి కాగితం చేతికిచ్చి గుమ్మంలో నిలబడ్డాడనుకుని ఇంతసేపూ చదువుతూ ఉండి ఉంటావు. చదవడం అయ్యేదాకా ఏమీ చెప్పొద్దని నేనే అన్నాను. నువ్వు కంగారుపడి వీధిలోనే పేరు పెట్టి పిలుస్తావని.

ఇంక తలెత్తు మావయ్యా. వాణ్ణి లోపలికి పిలిచి తలుపు వేసుకో. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అన్నం పెట్టు.

నీ రాణి